పెట్టెలోని స్వరమా... కంప్యూటర్ స్వరమా?
ఇంటి స్టూడియోకు ఏ సింథసైజర్ మేలు? * కొనుగోలుకు ముందు తెలుసుకోవలసిన అంశాలు

సికింద్రాబాద్: ఆషాఢం వస్తే బోనాల పాటలు, భాద్రపదం ముగిసేసరికి బతుకమ్మ పాటలు, డిసెంబరులో క్రిస్మస్ గీతాలు. ఒకప్పుడు వీటిని రికార్డు చేయాలంటే పెద్ద స్టూడియోను గంటల లెక్కన అద్దెకు తీసుకోక తప్పేది కాదు. నేడు ఆ పని వారాసిగూడలోనో, అల్వాల్‌లోనో, మెట్టుగూడలోనో పది అడుగుల గదిలో పూర్తవుతోంది. కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోన్లు సమకూరితే స్టూడియో సిద్ధమైనట్లే. అయితే ఆ గదిలో అడుగుపెట్టే ప్రతి ఔత్సాహికుడికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. కూడబెట్టిన సొమ్ముతో సింథసైజర్ పరికరాన్నే కొనాలా? లేక అదే పని చేసే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకుంటే చాలునా?

ప్రశ్న చిన్నదిగా కనిపించినా దాని వెనుక మధ్యతరగతి కుటుంబపు పొదుపు ఉంది. వాయిదాల మీద తెచ్చిన పరికరం తన పనికి సరిపోదని తరువాత తెలిస్తే సగం ధరకు అమ్ముకోవలసి వస్తుంది. చవక అని ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్‌పై నడవకపోతే అదీ వృథాయే. కనుక రెండింటి స్వభావాన్ని, మన పరిస్థితులకు అవి ఎంతవరకు తగునన్న విషయాన్ని ముందే తెలుసుకోవడం అవసరం.

మూడూ ఒకటి కావు

మన ప్రాంతంలో తెలుపు, నలుపు మెట్లున్న ప్రతి విద్యుత్ వాద్యాన్నీ 'కీబోర్డు' అనే పిలవడం పరిపాటి. నిజానికి ఇందులో మూడు రకాలున్నాయి. దుకాణానికి వెళ్లేముందు ఈ తేడా తెలియకపోతే మోసపోయే అవకాశం ఎక్కువ.

మొదటిది అరేంజర్ కీబోర్డు. ఎడమచేతితో శ్రుతిమేళం పట్టుకుంటే తాళం, బేస్, సహవాద్యాలు వాటంతటవే మోగుతాయి. స్పీకర్లు సాధారణంగా అందులోనే ఉంటాయి. పిల్లలు నేర్చుకునేందుకు, ఒంటరిగా కచేరీ చేసేవారికి ఇది అనుకూలం. యామహా సంస్థ భారతీయ విపణి కోసమే రూపొందించిన పీఎస్సార్-ఐ500 వంటివి ఈ కోవకు చెందుతాయి. సాధనకు తంబుర, తబలా వినిపించే సదుపాయం అందులో ఉంది.

రెండవది సింథసైజర్. ధ్వనిని మనకు కావలసినట్లు మలచుకునే అవకాశం ఇవ్వడమే దీని ప్రత్యేకత. విద్యుత్ తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్, అందులోని కొన్ని పౌనఃపున్యాలను వడకట్టే ఫిల్టర్, స్వరం ఎంత వేగంగా పైకి లేచి ఎలా అణగిపోవాలో నిర్ణయించే ఎన్వలప్ అనే మూడు భాగాలు దీనికి ప్రాణం. వీణ తీగ మీటగానే పెద్దగా మోగి క్రమంగా తగ్గుతుంది. వేణువు ఊపిరి ఉన్నంతసేపూ నిలుస్తుంది. ఈ రెండు స్వభావాల మధ్య తేడాను ఎన్వలప్ ద్వారానే తెస్తారు.

మూడవది మిడి కంట్రోలర్. చూడడానికి కీబోర్డులాగే ఉన్నా తనంతట తాను ఏ శబ్దమూ చేయదు. ఏ మెట్టును ఎంత బలంగా నొక్కారన్న సమాచారాన్ని మాత్రమే కంప్యూటర్‌కు చేరవేస్తుంది. శబ్దమంతా సాఫ్ట్‌వేర్‌ది. 25 మెట్ల చిన్న కంట్రోలర్ రూ.10 వేల లోపే లభిస్తుంది. ధర చూసి మురిసి దీన్ని ఇంటికి తెచ్చి, స్విచ్ వేసినా మోగడం లేదని తిరిగి దుకాణానికి పరుగెత్తవలసిన అగత్యం ఎవరికీ రాకూడదు.

పరికరం నుంచి ప్రోగ్రాముకు

అమెరికాకు చెందిన రాబర్ట్ మూగ్ 1964లో తన సింథసైజర్‌ను ప్రదర్శించారు. తొలినాటి యంత్రాలు బీరువాలంత ఉండేవి. భారతదేశానికి ఈ విద్య రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రంతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పారు. మరుసటి ఏడాది వచ్చిన మినీమూగ్‌తో సింథసైజర్ వేదికపైకి మోసుకెళ్లగల వాద్యంగా మారింది.

బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సంస్థ తయారుచేసిన మూడు యంత్రాలతో పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డుగా తెచ్చారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో తిరిగి విడుదలైన తరువాత ప్రపంచవ్యాప్తంగా పేరు వచ్చింది. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్' చిత్రానికి కంప్యూటర్ సాయంతో స్వరాలు కూర్చారు. తెలుగులో రాజ్-కోటి ద్వయం వద్ద కీబోర్డు వాద్యకారుడిగా పనిచేసిన ఏ.ఆర్. రెహమాన్, చెన్నైలో ఇంటి పెరట్లో నిర్మించుకున్న స్టూడియోలో 1992 నాటి 'రోజా' పాటలకు రూపమిచ్చారు. ఇంటి స్టూడియోపై నేటి యువతకున్న ఆకర్షణకు ఆ ఉదంతం ఒక ముఖ్య కారణం.

ఈ మధ్యలో రెండు మార్పులు సంగీత రంగం దిశను మార్చాయి. 1983లో వచ్చిన మిడి ప్రమాణంతో వేర్వేరు సంస్థల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం సాధ్యమైంది. 1996లో జర్మనీకి చెందిన స్టీన్‌బెర్గ్ సంస్థ ప్రకటించిన వీఎస్టీ విధానం, 1999 నాటికి వాద్యాలనే కంప్యూటర్ ప్రోగ్రాములుగా మార్చింది. వీటినే నేడు ప్లగిన్లు అంటున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 1983 నాటి యామహా డీఎక్స్7 మొదలు నేటి వరకు వచ్చిన డిజిటల్ సింథసైజర్లన్నిటి లోపలా ఉన్నది లెక్కలు చేసే చిప్పే. 1988లో వచ్చిన ఎం1 యంత్రాన్ని కోర్గ్ సంస్థే తరువాత సాఫ్ట్‌వేర్ రూపంలోనూ విడుదల చేసింది. కనుక డిజిటల్ పరికరానికీ ప్లగిన్‌కూ మధ్య శబ్దంలో తేడా ప్రచారంలో ఉన్నంత లేదు. నిజమైన అనలాగ్ సర్క్యూట్లున్న యంత్రాల విషయంలో మాత్రం వేడికి శ్రుతి స్వల్పంగా కదలడం వంటి సహజ గుణాలు ఉంటాయి. వాటిని ఇష్టపడేవారున్నారు. పూర్తయిన పాటలో, పది వాద్యాల నడుమ ఆ తేడాను పోల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే.

పరికరంతో లాభనష్టాలు

స్విచ్ వేసిన కొద్ది క్షణాల్లో పలకడం పరికరానికి ఉన్న మొదటి సుగుణం. ఆదివారం ఆరాధనలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించే వ్యక్తికి ఇది ప్రాణావసరం. 1813లో నిర్మించిన సెయింట్ జాన్స్ చర్చి మొదలు సికింద్రాబాద్‌లో ప్రార్థనా మందిరాలకు కొదవ లేదు. గాయకబృందం లేచి నిలబడిన సమయంలో కంప్యూటర్ అప్‌డేట్ మొదలుపెడితే చేయగలిగేదేమీ ఉండదు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వంటివి మన ఆర్కెస్ట్రాల్లో స్థిరపడడానికి ఇదే కారణం. బయటి నుంచి భారతీయ వాద్యాల శబ్దాలను అందులోకి ఎక్కించుకునే వీలుండడం మరో ఆకర్షణ.

చేతికి అందే నాబులు, ఒకే యంత్రంపై నిలిచే ఏకాగ్రత కూడా చెప్పుకోదగినవి. నాలుగు నాబులు తిప్పుతూ నెలరోజులు గడిపినవారికి ఫిల్టర్ అంటే ఏమిటో చెవికే తెలిసిపోతుంది. సక్రమంగా చూసుకుంటే పరికరం ఇరవై, ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. అవసరం తీరాక అమ్ముకుంటే కొంత సొమ్ము తిరిగి వస్తుంది.

నష్టాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. ఒక పరికరం ఉంటే చాలా సందర్భాల్లో ఒకసారికి ఒక శబ్దాన్నే రికార్డు చేసుకోవాలి. ఆరు నెలల తరువాత పాటలో మార్పు కావాలంటే అప్పటి అమరికలన్నీ తిరిగి వెదుక్కోవాలి. మరమ్మతు వస్తే విడిభాగాల కోసం వారాలు ఎదురుచూడవలసి రావచ్చు. చిన్న గదిలో స్థలం కూడా సమస్యే.

సాఫ్ట్‌వేర్‌తో లాభనష్టాలు

ఒకే ప్లగిన్‌ను ఒక పాటలో పది చోట్ల పది రకాలుగా వాడుకోవచ్చు. ఫైలు తెరవగానే ప్రతి అమరికా ఎక్కడ విడిచిపెట్టామో అక్కడే ఉంటుంది. నిర్మాత 'చరణంలో ఆ వేణువు తీసేయండి' అని మూడు నెలల తరువాత అడిగినా రెండు నిమిషాల్లో పని ముగుస్తుంది. నిజ వాద్యాలను మైకు ముందు పెట్టి రికార్డు చేస్తే స్టేషన్ పరిసరాల్లో రైలు కూత, వీధిలో హారన్ కూడా అందులో చేరతాయి. ప్లగిన్ శబ్దం కంప్యూటర్ లోపలే పుడుతుంది గనుక ఆ బెడద లేదు.

ఖర్చు విషయంలో ఇది తిరుగులేనిది. 2020లో వచ్చిన వైటల్‌కు ఉచిత రూపం ఉంది. సర్జ్ ఎక్స్‌టీ, డీఎక్స్7ను అనుకరించే డెక్సెడ్ పూర్తిగా ఉచితం. చట్టబద్ధంగా దొరికే ఈ మూడింటితోనే ఏడాదిపాటు నేర్చుకోవలసినంత ఉంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌ను 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చు.

కంప్యూటర్‌పై పూర్తిగా ఆధారపడవలసి రావడం ప్రధాన లోపం. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే పాత ప్లగిన్లు మూలపడవచ్చు. ఆపిల్ సంస్థ 2019లో 32 బిట్ ప్రోగ్రాములకు మద్దతు ఆపివేసినప్పుడు ఎందరో తమ పాత ప్రాజెక్టులను తెరవలేకపోయారు. 1990ల నాటి పరికరం మాత్రం నేటికీ స్విచ్ వేస్తే మోగుతుంది. కొన్న ప్లగిన్‌ను తిరిగి అమ్ముకునే అవకాశం కూడా పరిమితమే. వందలకొద్దీ శబ్దాలు వింటూ పాట రాయడం మరిచిపోవడం మరో ప్రమాదం.

ఆలస్యం ఎంత?

సాఫ్ట్‌వేర్ వాడేవారిని తొలినాళ్లలో ఎక్కువగా వేధించేది లేటెన్సీ, అంటే మెట్టు నొక్కిన తరువాత శబ్దం వినిపించేలోగా జరిగే ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న మోపులుగా కట్టి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, మోపుకు 128 నమూనాలుంటే 2.9 మిల్లీసెకన్లు, 256 ఉంటే 5.8, 512 ఉంటే 11.6, 1024 ఉంటే 23.2 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఇంటర్‌ఫేస్‌లో జరిగే జాప్యం దీనికి అదనం.

గాలిలో ధ్వని ఒక మీటరు ప్రయాణించడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 6 మిల్లీసెకన్ల ఆలస్యం రెండు మీటర్ల దూరంలోని స్పీకరు విన్నట్లే. ఇది ఇబ్బంది కాదు. 20 దాటితే మాత్రం తీన్‌మార్ దరువు వాయించేవారి వేళ్లు తడబడతాయి. కంప్యూటర్‌లోని సాధారణ సౌండ్ కార్డుతో ఈ సమస్య తప్పదు. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, దానితో వచ్చే ఏసియో డ్రైవరు ఉంటే చాలావరకు తీరుతుంది. వాయించేటప్పుడు మోపు పరిమాణం తగ్గించి, చివరి మిక్సింగ్ సమయంలో పెంచుకోవడం మంచి పద్ధతి.

గమకం పలికేదెలా?

మన సంగీతానికి ఇది కీలకమైన అంశం. మెట్లవాద్యంపై స్వరాల మధ్య జారుడు ఉండదు. హార్మోనియంను ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. సింథసైజర్‌లో ఎడమవైపు ఉండే పిచ్‌బెండ్ చక్రం ఈ లోటును కొంత పూడుస్తుంది. అయితే తయారీదారులు సాధారణంగా దాన్ని అటూ ఇటూ రెండు అర్ధస్వరాల వరకే పరిమితం చేసి ఇస్తారు. మిడి ప్రమాణం ఆ కదలికను 16,384 మెట్లుగా నమోదు చేయగలదు కాబట్టి మృదుత్వానికి లోటు లేదు. పరిధిని రాగానికి తగినట్లు మార్చుకోవాలి. కంట్రోలర్‌తో ప్లగిన్ వాడేవారు ఈ మార్పును ప్లగిన్‌లో చేయాలన్న సంగతి చాలామందికి తట్టదు.

శ్రుతి విషయం మరొకటి. కీబోర్డులో స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు. స్థాయి మొత్తాన్ని 1200 సెంట్లుగా లెక్కిస్తే కీబోర్డుపై అంతర గాంధారం 400 వద్ద పలుకుతుంది. తంబుర నాదంలో సహజంగా వినిపించే గాంధారం సుమారు 386 వద్ద ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడా శాస్త్రీయ సంగీతం తెలిసిన చెవికి ఇట్టే తెలుస్తుంది. స్వరస్థానాలను విడివిడిగా సవరించే వీలు కొన్ని పరికరాల్లోనూ, సర్జ్ ఎక్స్‌టీ వంటి ప్లగిన్లలోనూ ఉంది. భక్తిగీతాలు, కీర్తనలు చేసేవారు కొనేముందు ఈ సదుపాయం ఉన్నదీ లేనిదీ అడగడం మంచిది.

డప్పు విషయంలో సింథసైజర్‌ను నమ్ముకోకపోవడమే ఉత్తమం. సెగకు కాచిన తోలుపై కర్ర పడినప్పుడు పుట్టే శబ్దం ప్రతి దెబ్బకూ మారుతుంది. ఉజ్జయినీ మహంకాళి బోనాల పాటకు కళాకారుడిని పిలిపించి గంటసేపు రికార్డు చేసుకుంటే, ఆ దరువుకున్న జీవం ఏ ప్లగిన్‌తోనూ రాదు. ఆ కళాకారుడికి దక్కవలసిన ప్రతిఫలమూ దక్కుతుంది.

కరెంటు, దుమ్ము, వోల్టేజీ

అమెరికాలోని బంధువులు తెచ్చే పరికరాల విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడ విద్యుత్ సరఫరా 120 వోల్టులు, జపాన్‌లో 100 వోల్టులు. మన ఇళ్లలో 230. వెనుక భాగంలో రాసి ఉన్న వోల్టేజీ చూడకుండా ప్లగ్ పెడితే విద్యుత్ విభాగం కాలిపోవచ్చు. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. అడాప్టర్ మార్చవలసి వస్తే వోల్టులతో పాటు ప్లస్, మైనస్ గుర్తులు కూడా సరిపోవాలి.

స్పీకర్లలో ఎడతెగని 'హమ్' వినిపిస్తే ముందుగా ఇంటి ఎర్తింగ్‌ను పరీక్షించాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాపాయం. కరెంటు పోతే డెస్క్‌టాప్‌లో చేసిన పని పోకుండా యూపీఎస్ ఉండాలి. వేసవి దుమ్ము మెట్ల కింది రబ్బరు కాంటాక్టులపై చేరితే కొన్ని స్వరాలు పలకవు, కొన్ని మరీ గట్టిగా పలుకుతాయి. వాడనప్పుడు గుడ్డ కప్పితే సగం మరమ్మతులు తప్పుతాయి.

పాతవి కొనేటప్పుడు...

* ప్రతి మెట్టునూ మెల్లగా, గట్టిగా నొక్కి చూడాలి. నాబులు తిప్పుతున్నప్పుడు చిటపటలు రాకూడదు.
* డీఎక్స్7, ఎం1 తరం యంత్రాల్లో శబ్దాల అమరికలు లోపలి బ్యాటరీపై ఆధారపడి ఉంటాయి. అది అయిపోతే జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. బ్యాటరీ మార్చేముందు వాటిని భద్రపరచాలి.
* యూఎస్‌బీ లేదా మిడి పోర్టు పనిచేస్తున్నదో లేదో కంప్యూటర్‌కు కలిపి చూడాలి.
* పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కంప్యూటర్ కొనేవారు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండేలా చూసుకోవాలి. వాద్యాల శబ్దభాండాగారాలు పదుల జీబీల స్థలం ఆక్రమిస్తాయి.

దొంగ సాఫ్ట్‌వేర్‌తో ముప్పు

ఖరీదైన ప్లగిన్లను 'క్రాక్' చేసి ఇస్తామనేవారికి కొదవ లేదు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం తెలిసి దొంగ ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. వాటితో పాటు వచ్చే వైరస్‌ల వల్ల ఏళ్ల తరబడి చేసిన పాటలు పోవడం అంతకుమించిన నష్టం. తన పాటను ఇతరులు దొంగిలించరాదని కోరుకునే సంగీతకారుడు మరొకరి శ్రమను దొంగిలించడం న్యాయమూ కాదు.

ఎవరికి ఏది?

నేర్చుకునే పిల్లలకు: స్పర్శకు స్పందించే మెట్లున్న 61 మెట్ల అరేంజర్ కీబోర్డు. యూఎస్‌బీ ఉంటే రేపు అదే కంట్రోలర్‌గా ఉపయోగపడుతుంది.

చర్చి, ఆర్కెస్ట్రా వాద్యకారులకు: పరికరమే. శబ్దాలు ఎక్కించుకునే వీలుండాలి.

ఇంట్లో పాటలు రూపొందించేవారికి: సాఫ్ట్‌వేర్. కంట్రోలర్, రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్లు, ఒక మైకు ముందుగా సమకూర్చుకోవాలి.

నేపథ్య సంగీతం వైపు వెళ్లదలచినవారికి: సాఫ్ట్‌వేరే. దర్శకుడు దృశ్యం నిడివి మార్చిన ప్రతిసారీ సంగీతాన్నీ సవరించవలసి ఉంటుంది గనుక అన్ని అమరికలూ ఫైలులో ఉండడం తప్పనిసరి.

ధ్వనిని మలచడంపైనే మక్కువ ఉన్నవారికి: నాబులున్న చిన్న అనలాగ్ సింథసైజర్ ఒకటి. కోర్గ్ మినీలాగ్ వంటివి ఈ తరహావి.

రెండు మార్గాలూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఇంట్లో మూలనున్న పాత కీబోర్డుకు మిడి లేదా యూఎస్‌బీ పోర్టు ఉంటే దాన్నే కంప్యూటర్‌కు కలిపి, ఉచిత ప్లగిన్లతో నెల రోజులు పనిచేసి చూడవచ్చు. అలా కనీసం ఒక పాటనైనా మొదటి నుంచి చివరి వరకు పూర్తి చేస్తే ఏ లోటు నిజంగా అడ్డుపడుతున్నదో స్వయంగా తెలుస్తుంది. ఆలస్యం బాధిస్తే ఇంటర్‌ఫేస్, పాట శబ్దం అస్పష్టంగా ఉంటే హెడ్‌ఫోన్లు, వేదికపై అవసరం పడితే పరికరం. కొనవలసిన వస్తువుల వరుసను ఆ మొదటి పాటే నిర్ణయిస్తుంది. అంతవరకు దాచిన సొమ్మును ముట్టకపోవడమే శ్రేయస్కరం.